సగం సామెత

సామెతకు అర్థం చెప్పడంలో కృష్ణకు ఇవతల గాని అవతల గాని నన్ను మించినవాడు లేడని ఒకప్పుడు నాకు పేరుండేది. అవతల ఒడ్డు సంగతి నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు. ఇవతల కూడా మా హైస్కూలు వరకే. ఆ హైస్కూల్లో తెలుగు మేష్టర్లం ఇద్దరం. రెండో ఆయనకు చెవుడు.

అయినా ఉద్యోగం చేసినన్నాళ్ళూ పదో తరగతి పిల్లల చేత సందర్భసహిత వ్యాఖ్యలు రాయించినవాణ్ణి. మీరూ రాసే ఉంటారు. ఒక వాక్యం ఇస్తారు. అది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయాలి. తరవాత అర్థం రాయాలి. ఆఖర్న మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు వ్యాఖ్య. "ఒరేయ్, సందర్భం తెలియకుండా అర్థం రాసినవాడికి సున్నా" అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. "మనిషి ఎందుకన్నాడో తెలిస్తేనే ఏమన్నాడో తెలుస్తుంది." ఈ సూత్రం నేనే కనిపెట్టానని చాలాకాలం చెప్పుకున్నాను. మా మేష్టారు చెప్పిందే అయి ఉంటుంది.

మా ఇంట్లో సామెతల గని మాత్రం నేను కాదు, మా ఆవిడ. నేను అర్థాలు చెప్పేవాణ్ణి, ఆవిడ వాడేది. కత్తిపీట బొమ్మకీ కత్తిపీటకీ ఉన్నంత తేడా ఉంది ఈ రెంటికీ. ఎవరైనా ఇంటికొస్తే నేను కాస్త పెంచి మాట్లాడతాను, అది నా స్వభావం. సాక్షాత్తూ కలెక్టరు నా పాఠం వింటూ కిటికీ దగ్గర నిలబడిపోయాడని చెబుతుండగా ఆవిడ కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, "మాటలు కోటలు దాటతాయి..." అని ఆపేసేది. మిగతా సగం వచ్చినవాళ్ళే పూర్తిచేసి నవ్వేవాళ్ళు. నిలబడింది కలెక్టరు కాదు లెండి, కలెక్టరాఫీసు జవాను. దారి అడగడానికి వచ్చాడు. అంత కాపురంలో ఆవిడ ఏ సామెతనూ నా మీద పూర్తిగా ఖర్చు పెట్టలేదు. సగమే. మిగతాది నాకు తెలుసునని ఆవిడకు తెలుసు.

నేను రిటైరయ్యాక మా అమ్మాయికి మాదాపూర్లో, అప్పుడే తెరిచిన ఆ గుండ్రటి అద్దాల భవనంలో ఉద్యోగం వచ్చింది. ఒక్కతే పిల్ల. ముగ్గురం ఖాజాగూడలో ఒక ఇంటి ముందు భాగం కిరాయికి తీసుకున్నాం. అప్పటికి అది ఊరే. వెనక గుట్టలు, వాటి అవతల చెరువు. రోడ్డు కోసం రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్ళు. ముందు ఈల వేసేవాళ్ళు. ఈల వినగానే మా ఆవిడ వెళ్ళి అలమరలో గాజు గ్లాసులు రెండు చేతులతో పట్టుకుని నిలబడేది. పేలుడు అయ్యాక వదిలేది.

మాకు ఇల్లిచ్చిన ఇంటావిడ వెనక భాగంలో ఉండేది. భర్త పోయాడు. రెండు బర్రెలు, గుట్ట పక్కన కాస్త మెట్ట చెలక ఉండేవి. నన్ను "ఆంధ్రా సారూ" అనేది. మా ఆవిడను మాత్రం రెండో రోజునుంచే "అక్కా" అంది.

అమ్మాయి ఆఫీసులో పని రెండువేల సంవత్సరం గండం గురించి. పాత మిషన్లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారట. "తొంభైతొమ్మిది దాటగానే వాటికి మర్నాడు వచ్చిందని తెలియదు నాన్నా. వెనక్కి పోతాయి" అని చెప్పింది. నేను వీధిలో అందరికీ మా అమ్మాయి ప్రపంచంలో గడియారాలన్నిటినీ ఒంటిచేత్తో కాపాడుతోందని చెప్పాను. అలాంటివాళ్ళు ఆ భవనంలో అంతస్తుకు ఒక హాలు నిండా ఉండేవాళ్ళట.

తొంభైతొమ్మిది వేసవిలో ఒక సాయంత్రం, పెందలాడే భోజనాలకు కూచున్నాం. బీరకాయ పచ్చడి. అమ్మాయి కంచంలోకి చూస్తూ చెప్పింది. ఆఫీసులో ఒక అబ్బాయి. మియాపూర్లో ఉంటారు. క్రైస్తవులు. తండ్రి టీచరు, తల్లి నర్సు. "మీరిద్దరూ సరేనంటే చేసుకుంటాను. అమ్మ వద్దంటే చేసుకోను."

నేను అప్పటికప్పుడు మతాలన్నీ ఒకటేనని గంభీరమైన ఉపన్యాసం ఇచ్చాను. ఇవ్వలేదు. పచ్చడి మళ్ళీ వడ్డించుకున్నాను. నాకు అభ్యంతరం లేదు, కాని మా ఆవిడ ఏమంటుందోనని ఆగాను. ఏదో ఒక సామెత వస్తుంది, దాన్ని బట్టి చూసుకుందామనుకున్నాను.

సామెత రాలేదు. మామూలు మాట వచ్చింది. "ఒక్క రోజు ఆగవే. రేపు చెప్తాను."

తెల్లారేసరికి మా ఆవిడ నీళ్ళ కుళాయి దగ్గర పడి ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి.

దవాఖానలో ఉన్నన్ని రోజులూ అమ్మాయి నాతో ఒకే ఒక్క మాట అంది. "నేను అడిగుండకూడదు నాన్నా." నేను సవాలక్ష కారణాలు చెప్పాను. రక్తపోటన్నాను, ఊరగాయలన్నాను, ఎండలన్నాను. డాక్టరూ అదే చెప్పాడు. అమ్మాయి విన్నది. విన్నదంతే.

ఇంటికి తెచ్చాక కొన్ని వారాలు ఒక్క శబ్దం లేదు. కళ్ళు తిరిగేవి. అవి దేన్ని చూస్తున్నాయో తెలిసేది కాదు. ఒక పొద్దున నేను చెంచాతో జావ పోస్తున్నాను. నాకు ఓపిక తక్కువ. మింగకముందే రెండో చెంచా పెట్టబోతే, పాల చెంబుతో వచ్చిన ఇంటావిడ చూసి కేకేసింది.

"ఏంది సారూ, జర ఆత్రం తగ్గించుకో! అక్క ఇంక మింగనే లేదు."

మా ఆవిడ పెదవులు కదిలాయి. స్పష్టంగా, పాత గొంతుతోనే అంది:

"ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెళ్ళో కట్టాడట."

జావగిన్నె నా చేతిలోంచి జారి నేలమీద భళ్ళున పగిలింది. నిజానికి అది స్టీలుది, బల్లమీదే పెట్టాను. కాని ఏడ్చిన మాట నిజం. ఇంటావిడ చెంబు పట్టుకునే ఊరంతా తిరిగొచ్చింది. "అక్కకు మాటొచ్చింది! సారును తిట్టింది!"

అక్కడినుంచి నా పాండిత్యానికి పట్టాభిషేకం జరిగింది. మా ఆవిడకు మంచినీళ్ళు అన్న మాట రాదు, నా పేరు రాదు, కూతురి పేరు రాదు. సామెత మాత్రం చెక్కు చెదరకుండా వచ్చేది. రోజుకు రెండు మూడు. ప్రతిదానికీ నేను సందర్భం, అర్థం, వ్యాఖ్య చెప్పేవాణ్ణి. మందు చేదుగా ఉందని నేనంటే "తియ్యటి తేనె నిండిన నోటితోనే తేనెటీగ కుట్టేది" అనేది. చూశారా, డాక్టరు మీద నమ్మకం లేదు ఆవిడకు అని నేను. ఆ మందు వాడటం ఆపానా అంటే ఆపలేదు. వ్యాఖ్య వరకే.

ఆవిడ మాట కోసం జనం మా గుమ్మం నుంచి చెరువుగట్టు దాకా వరస కట్టారు. ముగ్గురొచ్చారు. అందులో ఒకామె మజ్జిగ కోసం వచ్చింది. కాని ఇంటావిడ సంగతి నిజం. ఆమె చెలక కొంటామని కార్లలో ఎవరెవరో వస్తున్నారు. ఆమె మంచం దగ్గర గొంతుక్కూచుని అడిగింది.

"అక్కా, ఉన్నది గా చెలక ఒక్కటే. అమ్మమంటవా, వద్దంటవా?"

"ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె."

ఇంటావిడ నావైపు తిరిగింది. నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మితే భూమీ పోతుంది, చేతికొచ్చిందీ నిలవదు అని భావం."

"గంతే సారూ. నా కడుపుల మాట జెప్పింది అక్క." ఆమె అమ్మలేదు. ఆ చెలకలోనే తరవాత ఆమె మనవలు నాలుగంతస్తుల ఇల్లు లేపారు. గృహప్రవేశం నాడు మా ఆవిడ ఫొటో అడిగి తీసుకెళ్ళి దండ వేసింది.

అమ్మాయి మాత్రం ఏమీ అడిగేది కాదు. ఆఫీసునుంచి వచ్చి, తల్లి జుట్టు దువ్వి జడ వేసి, పక్కన కూచునేది. ఆ అబ్బాయి ఒకసారి బత్తాయిల సంచితో గేటు దాకా వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. "తను పిలిచినప్పుడు వస్తానండి" అని సంచి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. మంచి పిల్లాడు. నాకే ఆగలేదు.

"అడగవే. మీ అమ్మ రేపు చెప్తానంది కదా. ఇప్పుడు నోరొచ్చింది. అర్థం నేను చెప్తాను."

"వద్దు నాన్నా."

"అడగవే అంటే!"

తల్లి చెయ్యి పట్టుకుని అడిగింది. "అమ్మా, నా పెళ్ళి సంగతి చెప్తానన్నావు. ఏమంటావు?"

మా ఆవిడ ఎడమచేత్తో దుప్పటి అంచు సర్దుకుంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు."

నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. "విన్నావా? చేసి చూడు అంది. చెయ్యమనే కదా!"

"అది కష్టమని చెప్పే సామెత నాన్నా. నువ్వే చెప్పావు నాకు, ఎనిమిదో తరగతిలో."

"కష్టమైనా చెయ్యమని. ఇల్లు కష్టమని జనం కట్టుకోవడం మానేశారా? సందర్భం చూడాలి. అడిగింది కూతురు, చెప్పింది తల్లి, అడిగింది పెళ్ళి గురించి. ఇంతకంటే ఏం కావాలి?"

"వద్దనేదే అయితే కూడా ఇదే సామెత చెప్పేదిగా?"

 వాదనలో ఓడిపోతున్నప్పుడు గొంతు పెంచుతాను. పెంచాను. అమ్మాయి లేచి తల్లికి దుప్పటి కప్పింది.

ఆ తరవాతే మాటల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చిన్న వయసు, మెత్తటి మనిషి. సామెతల గురించి నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. అప్పుడు మా ఆవిడకు గ్లాసు బొమ్మ చూపించి "ఇదేంటమ్మా?" అంది. పెదవులు వెతుక్కున్నాయి. రాలేదు. దువ్వెన చూపించింది. రాలేదు. నన్ను చూపించి "ఈయన ఎవరు?" అంది. నేను ఫొటోకి కూచున్నట్టు నిటారుగా కూచున్నాను. రాలేదు.

డాక్టరమ్మ ఉన్నట్టుండి "అడుసు తొక్కనేల" అంది.

"కాలు కడగనేల" అంది మా ఆవిడ.

"కుక్క కాటుకి?"

"చెప్పు దెబ్బ."

"ఆదివారం, సోమవారం..."

మా ఆవిడ శనివారం దాకా గడగడా చెప్పేసింది. ఆఖరికి డాక్టరమ్మ అటు కిటికీలోకి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు "పెళ్ళి" అంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు." అదే రాగం. దుప్పటి లేదు గనక ఎడమచేత్తో చీర కొంగు సర్దుకుంది.

"మాటలు పుట్టే చోటు దెబ్బతింది సార్" అంది డాక్టరమ్మ. "ఏళ్ళ తరబడి కలిసికట్టుగా అలవాటైపోయినవి వేరే దారిన బయటికొస్తాయి. పక్కన ఎవరైనా అందులో ఒక్క మాట అంటే చాలు, మొత్తం వచ్చేస్తుంది. తాళం వేసిన ఇంట్లో రేడియో మోగినట్టు."

"ఇంట్లో మనిషి ఉందా?"

"ఉండొచ్చు సార్. రేడియో విని చెప్పలేం."

నేను వకీలులా వాదించాను. ఆత్రపు పెళ్ళికొడుకు సంగతి సాక్ష్యం పెట్టాను. "దానికి ముందు ఎవరేమన్నారో గుర్తుందా?" అని అడిగింది. గుర్తుంది. ఇంటావిడ ఆత్రం తగ్గించుకోమంది. చెలక సంగతిలో ఉన్నది ఒక్కటే అంది. తేనెటీగ ముందు నేను చేదు అన్నాను, అంతకుముందు మందులో తేనె కలుపుతున్నానన్నాను. నా కూతురు పెళ్ళి అంది. అన్నాళ్ళూ మేం మాట అందిస్తున్నాం, ఆవిడ పూర్తిచేస్తోంది. పూర్వం ఆవిడ సగం అంటే మేం పూర్తిచేసేవాళ్ళం. బతుకంతా సందర్భం, సందర్భం అని పిల్లల వీపులు వాయించినవాణ్ణి, మంచం పక్కనే కూచుని సందర్భాన్ని చూడలేదు.

తిరిగొస్తుంటే ఆటోలో మా ఇద్దరి మధ్యా మా ఆవిడ ఒరిగి కూచుంది. గతుకుల్లో తల అటూ ఇటూ పోతుంటే అమ్మాయి భుజం అడ్డం పెట్టింది.

"ఇంక అమ్మ జవాబు కోసం చూడకమ్మా" అన్నాను. "ఆ అబ్బాయిని చేసుకో. నేను చెప్తున్నాగా."

"అమ్మ అడిగింది ఒక్క రోజు నాన్నా. ఆ రోజు ఇంకా అవలేదు."

"పిచ్చిమాటలు."

"ఔననక్కర్లేదు, కాదనక్కర్లేదు. నేను చెప్పేది అమ్మకు తెలుస్తోందని ఒక్క గుర్తు చాలు. పక్కన కూచుని అన్నీ చెప్పి, చేసుకుంటాను. ఏమీ తెలియకుండా పడుంటే, నేను అమ్మను పడగొట్టి దాటుకుని వెళ్ళినట్టుంటుంది."

సరే, గుర్తు కావాలి. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఏ డాక్టరుకూ తట్టని ఉపాయం. (తట్టే ఉంటుంది.) సామెత తెలిసినవాళ్ళకే తప్పుడు సామెత నవ్వు తెప్పిస్తుంది. రేడియో నవ్వదు. నవ్విందంటే లోపల మనిషి ఉన్నట్టే.

ఆ రోజునుంచి రోజూ మంచం పక్కన కూచుని సామెతలు పాడుచేయడం మొదలుపెట్టాను. "కుక్క కాటుకు హోమియో మందు." "మాటలు కోటలు దాటతాయి, కాళ్ళకు మియాపూర్ బస్సు దొరకదు." "అడుసు తొక్కనేల, ఖాజాగూడలో ఇల్లు తీసుకోనేల." మా ఆవిడ నేనన్నది విన్నట్టే ఉండేది కాదు. నా వంకర సగం మీదే అసలు సగం అనేసేది. చెప్పు దెబ్బ. కాళ్ళు గడప దాటవు. నా మీద ఎన్నడూ ఖర్చు పెట్టని ఆ రెండో సగం ఆవిడ నోట విన్నప్పుడు లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. మధ్యాహ్నం ఈల వేస్తే కళ్ళు అలమర వైపు వెళతాయేమోనని చూసేవాణ్ణి. ఒక్కోసారి వెళ్ళేవి. ఈల లేనప్పుడూ వెళ్ళేవి.

చలి మొదలైంది. అమ్మాయి ఆఫీసులో సంవత్సరం చివరి హడావుడి. అబ్బాయి ఇంట్లోవాళ్ళు ఏదో ఒకటి చెప్పమంటున్నారని తెలిసింది. తను నాతో అనలేదు. ఒక సాయంత్రం, ఇంకా ఎండ పోలేదు, నేను జావ పోస్తున్నాను, ఇంటావిడ గడపలో కూచుని బియ్యం ఏరుతోంది. నేను యథాప్రకారం మొదలుపెట్టాను. "ఇల్లు కట్టి చూడు..."

ఇంటావిడ చేట దించకుండానే అందుకుంది. "ఆంధ్రా సారుకు కిరాయికిచ్చి చూడు!"

మా ఆవిడ నవ్వింది.

"నవ్వింది! సారూ, అక్క నవ్వింది!" ఇంటావిడ లేచేసరికి చేటలో బియ్యం నేలపాలయ్యాయి.

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న అమ్మాయి ఒక చెప్పుతోనే లోపలికొచ్చింది. "నవ్విందా?"

"ఒట్టు బిడ్డా. గీ కండ్లతోని జూసిన."

అమ్మాయి ఆమెను చూడలేదు. నన్నే చూసింది. "నాన్నా, నువ్వు చూశావా? నువ్వు చెప్పు."

పైన నవ్వింది అని రాశాను. దాన్నిప్పుడు సరిచెయ్యాలి. నేను చూసింది ఇది. ఎడమ పెదవి కొస కదిలింది. కుడివైపు ఎలాగూ కదలదు. అంతకు ముందే నేను చెంచా జావ పెట్టాను. మింగేటప్పుడు కూడా ఆ కొస అలాగే కదులుతుంది, రోజూ చూస్తున్నాను. కళ్ళలో ఏమైనా ఉందా అంటే, సాయంత్రపు వెలుతురు ఉంది. పూర్వం ఆవిడ నన్ను వెక్కిరించేటప్పుడు ముందు కదిలేది కూడా ఆ ఎడమ కొసే. ఈ రెండూ నిజమే.

"తెలియదమ్మా" అన్నాను.

ఇంటావిడ నన్ను తినేసేలా చూసింది. "ఏంది సారూ! నవ్వింది అనరాదా? అంటే నీదేం పోయింది?"

ఆమె అడిగింది సబబే. కలెక్టరును కిటికీ దగ్గర నిలబెట్టినవాణ్ణి. ముగ్గురిని చెరువుగట్టు దాకా వరస కట్టించినవాణ్ణి. జన్మంతా గోరంతను కొండంత చేసినవాణ్ణి, ఆ సాయంత్రం నా కూతురు ఆ గోరంతే కొండంతగా కావాలని ఎదురుగా నిలబడితే, గోరంతను గోరంతే అన్నాను. ఎందుకో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. తను ఎనిమిదో తరగతిలో చెప్పించుకున్న అర్థాన్ని కూడా మర్చిపోని పిల్ల, నా అబద్ధాన్ని పట్టేస్తుందనుకున్నానేమో. మా ఆవిడ ముఖం మీద తప్పుడు అర్థం రాయడానికి చెయ్యి రాలేదేమో. ఇంకేదైనా గొప్ప కారణం చెప్పాలని ఉంది. లేదు.

అమ్మాయి రెండో చెప్పు విప్పింది. నేల మీద బియ్యం ఇంటావిడతో కలిసి ఎత్తింది. మర్నాడు ఆఫీసులో ఆ అబ్బాయికి ఎదురు చూడొద్దని చెప్పేసింది.

కొత్త సంవత్సరం రాకముందే మా ఆవిడ పోయింది. ఆఖరి రోజుల్లో నేను సగం అంటే మిగతా సగం కూడా వచ్చేది కాదు. మిషన్లకేమీ కాలేదు, గడియారాలన్నీ మర్నాటిలోకి నడిచాయి. అమ్మాయికి ఆఫీసులో మిఠాయి డబ్బా ఇచ్చారు. తెచ్చి బల్ల మీద పెట్టింది. అది చాలా రోజులు అలాగే ఉంది.

ఇప్పుడు ఆ గుట్ట లేదు. అమ్మాయి, నేను నిజాంపేటలో ఉంటున్నాం. తను ఇంకా ఉద్యోగం చేస్తోంది. సాయంత్రం వచ్చి నాకు జావ కాచి ఇస్తుంది. నేను ఆత్రంగా తాగితే ఏమీ అనదు. ఏదైనా అంటే బాగుండునని గ్లాసు దించకుండా కాసేపు చూస్తాను.